కావేరి లోతు ఎంత?

హైదర్ అలీ పుట్టిన బూదికోట మన బంగారపేట తాలూకాలోనే ఉంది. ఆయన తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారులో ఉంది. అందుకే బడి ప్రదర్శనకు హైదర్ కొడుకు టిప్పు సుల్తాన్ ఆఖరి యుద్ధాన్నే నమూనాగా చేశాను. అది 1799 మే 4న శ్రీరంగపట్నం కోట మీద జరిగిన దాడి.

సిపాయిలను చేయడం సులభమే. బంకమట్టితో ఒక్కొక్కడు రెండున్నర సెంటీమీటర్లు. కష్టమంతా నీళ్లతోనే. ఎండాకాలం కాబట్టి అప్పుడు కావేరి తగ్గి బండలు తేలాయి. వానలొచ్చి నది పొంగితే దాటలేమని ఇంగ్లీషు జనరల్ హారిస్ తొందరపడ్డాడు. పైగా ఆయన సైన్యానికి తిండిగింజలు అయిపోవస్తున్నాయి. మధ్యాహ్నం ఎండలో బెయిర్డ్ సిపాయిలు నదిలో నడిచే దాటి, ఫిరంగులతో పగలగొట్టిన గోడ ఎక్కారు. ఈ బెయిర్డ్ అదే ఊళ్లో మూడేళ్లకు పైగా టిప్పు ఖైదీగా ఉన్నవాడు! టిప్పు ఆ రోజే కోటలో పోరాడుతూ చనిపోయాడు.

కాబట్టి నీలిరంగు నిండుగా పోసి అందమైన నది చేస్తే అది చరిత్ర కాదు. అడుగుకు మట్టిరంగు వేసి, లోతున్న చోట ముదురు పచ్చ పూశాను. మన చెరువుగట్టు గులకరాళ్లే బండలు. పైన ఫెవికాల్ పలుచగా పూసి, ఆరాక ఇంకో పొర. మందంగా పోస్తే లోపల తెల్లగా ఉండిపోతుంది. నురగకు దూది పీచు. నడుము దాకా మునిగినవాళ్లకు కాళ్లే చేయలేదు, ఎవరు చూస్తారు?

గోడ మీద టిప్పు సిపాయిలున్నారు. వాళ్ల వెనక నుంచి వంగి చూడండి, నీళ్లలో వచ్చే ప్రతి ఒక్కడూ కనిపిస్తాడు.