నౌరూ ద్వీపపు జమాఖర్చులు

పసిఫిక్ మహాసముద్రమున, భూమధ్యరేఖకు దక్షిణముగా సుమారు 56 కిలోమీటర్ల దూరమున, నౌరూ అను చిన్న ద్వీపము గలదు. దాని వైశాల్యము 21 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన ప్రాంతమున నొక పెద్ద గ్రామపు పొలిమేరలో నిమిడిపోవును. ఇంతటి చిన్న దేశపు వర్తకమును గూర్చి తెలిసికొనదగిన దేమున్నదని సోదరులు శంకింపవచ్చును. కాని చిట్టా ఆవర్జాలతో పరిచయముగల కుటుంబములవారికి ఈ ద్వీపపు లెక్కవంటి లెక్క మఱియొకటి దొరకుట యరుదు. కావుననే యీ సంచికలో దీనిని వ్రాయ సాహసించితిని.

1798లో జాన్ ఫెర్న్ అను ఆంగ్ల నావికుడు ఈ దీవిని జూచి దానికి 'ఆహ్లాద ద్వీప' మను నర్థముగల పేరిడెను. తరువాత తిమింగిలముల వేటకాండ్రు వచ్చిరి. ఎండుకొబ్బరికి మారుగా తుపాకులు, మద్యము దిగుమతి యయ్యెను. 1888లో జర్మనులు దీవిని స్వాధీనము చేసికొనిరి. అంతవఱకు దీని విదేశవ్యాపారమున ముఖ్యమైనది కొబ్బరియే.

1899 ప్రాంతమున సిడ్నీ నగరములో పసిఫిక్ దీవుల వర్తకముచేయు ఒక కంపెనీ కార్యాలయమున తలుపు మూసికొనిపోకుండ నొక రాతిని అడ్డముగా నుంచెడివారు. అది నౌరూనుండి వచ్చినది. శిలగా మాఱిన కొయ్య యని యందఱును తలచుచుండిరి. ఆల్బర్టు ఎల్లిస్ అను ఉద్యోగి సందేహించి పరీక్ష చేయగా మేలురకపు ఫాస్ఫేటని తేలెను. ఈ రాతిని గంధకామ్లముతో కలిపినచో సూపరు ఫాస్ఫేటను ఎరువగును. ఆస్ట్రేలియా, న్యూజీలాండు నేలలలో భాస్వరము బహుస్వల్పము. గోధుమ పండవలెనన్నను, గొఱ్ఱెలకు పచ్చిక మొలవవలెనన్నను ఆ యెరువు కావలెను. 1907లో మొదటి సరకు ఓడ కెక్కెను. భూస్వాములకు టన్నునకు అరపెన్నీ దక్కెను.

మొదటి ప్రపంచయుద్ధమున 1914లో ఆస్ట్రేలియా సేన దీవిని పట్టుకొనెను. 1919లో బ్రిటను, ఆస్ట్రేలియా, న్యూజీలాండు ప్రభుత్వములు మూడును గలిసి బ్రిటిషు ఫాస్ఫేటు కమీషనర్లను నియమించి, సరకును నూటికి 42, 42, 16 పాళ్లుగా పంచుకొనిరి. ఈ యొడంబడికలోని కీలకమును వర్తకులు వెంటనే గ్రహింపగలరు. తమ దేశములకు పంపు రాతికి లాభము వేయక, ఖర్చులు గిట్టు ధరకే సరకు ఇచ్చుకొనవలెనని నిర్ణయము. వినుటకు ఎంతయు ధర్మముగా నున్నది! కాని కొనువాడును అమ్మువాడును ఒక్కడే యైనప్పుడు ధర యెవరు నిశ్చయించినట్లు? కమీషనర్ల పుస్తకమున లాభము కానరాదు. అది సముద్రము దాటి ఆస్ట్రేలియా గోధుమలోను, న్యూజీలాండు వెన్నలోను చేరినది. లాభమే లేనిచోట దీవివారు వాటా యడుగుటెట్లు?

దీవికి రేవు లేకుండెను. చుట్టును పగడపు దిబ్బ, దాని కావల అగాధము. ఓడలను లోతునీటి లంగరు బోయలకు కట్టి, 1930లో నిర్మించిన పొడవైన యినుప చేతులద్వారా రాతిని వానిలోనికి పోసెడివారు. చైనానుండియు గిల్బర్టు దీవులనుండియు వచ్చిన కూలీలు పగడపు స్తంభముల నడుమనున్న ఫాస్ఫేటును త్రవ్వితీయగా, ఆ తెల్లని స్తంభములు మాత్రము మొనలుదేరి నిలిచిపోయినవి. అచ్చట కాలూనుటకైనను వీలులేదు.

1942లో జపానువారు వచ్చిరి. 1943లో 1,200 మంది నౌరూ ప్రజలను ట్రక్ దీవులకు తరలించిరి. ఆకలిచేతను, రోగములచేతను, బాంబులచేతను చావగా మిగిలిన 737 మంది 1946 జనవరి 31వ తేదీన తిరిగివచ్చిరి. అదే తేదీన 1968లో దీవి స్వతంత్రమయ్యెను. నడుమ 1964లో ఆస్ట్రేలియా తన తీరమందలి కర్టిస్ దీవికి ప్రజలందఱును తరలివచ్చునట్లు ప్రతిపాదింపగా, నాయకుడు హేమర్ డిరోబర్టును అతని వారును ప్రత్యేక జాతిగా మనలేమని నిరాకరించిరి. గనులను 2 కోట్ల 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు కొని, 1970లో వానిని స్వాధీనము చేసికొనిరి. తమ నేలలోని రాతికై తామే ధర చెల్లించిరి.

ఇక ఖర్చు పుట. 1974 ప్రాంతమున ఫాస్ఫేటు ధర లోకమంతట పెరుగగా నౌరూ తలసరి ఆదాయమున ప్రపంచములోని అగ్రదేశముల సరసన నిలిచెను. ఆదాయపుపన్ను లేదు. సొంత విమానములు వచ్చెను. 1977లో మెల్బోర్నులో 52 అంతస్తుల భవనము లేచెను. రాయి తఱిగిన నాటికై నిధి నేర్పరచిరి గాని, దానిని కాచువారు కొఱవడిరి. 1993లో లండనున లియొనార్డో డా వించిని గూర్చిన సంగీతనాటకమునకు పెట్టుబడి పెట్టగా కొలదివారములలోనే తెర పడెను. అప్పులు పెరిగి 2004లో మెల్బోర్ను భవనము అమ్ముడుపోయెను. పొలము నమ్మి పంటయని జమకట్టిన లెక్క యిది.

ఈ దుబారాను జూపి పత్రికలు పరిహసించుట పరిపాటి. కాని ఖర్చు పుటను మాత్రము చదివి జమ పుటను మూసియుంచుట న్యాయము కాదని నా యభిప్రాయము. సింహళ న్యాయవేత్త వీరమంత్రి అధ్యక్షతన విచారణసంఘము భూముల పునరుద్ధరణమును పరిశీలించిన పిమ్మట, 1967కు పూర్వము త్రవ్విన భూములకై నౌరూ 1989లో ఆస్ట్రేలియాపై అంతర్జాతీయ న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. 1992లో ఆస్ట్రేలియా తెచ్చిన ప్రాథమికాక్షేపణలు చాలవఱకు వీగిపోయెను. 1993లో 10 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీ కుదిరెను. అందు కోటి 20 లక్షల చొప్పున బ్రిటను, న్యూజీలాండులు భరించినవి. అరపెన్నీతో మొదలైన ఖాతాలో ఇదియొక ఆలస్యపు జమ.

2001నుండి ఆస్ట్రేలియా తన్నాశ్రయింపవచ్చిన శరణార్థులను ఈ దీవిలో నిర్బంధించి, అందులకు ధనమిచ్చుటయు ద్వీపమునకు ఆదాయమైనది. దీనిని వర్తకమనుటకు నా మనసొప్పదు. అంతకంటె మేలైనది చేపల లెక్క. 1982లో పొరుగు దీవులతో జరిగిన నౌరూ ఒడంబడిక ననుసరించి ఎనిమిది దేశములు గలిసి, తమ జలములలో ట్యూనా చేపలు పట్టు విదేశపు ఓడలకు దినముల లెక్కన అనుమతు లమ్ముచున్నవి. ఈమాఱు ధరను నిశ్చయించువారు అమ్మువారే. 2015లో రాబోవు తరములకై క్రొత్త నిధి యొకటి యేర్పడెను. దాని పాలనలో ధనమిచ్చు విదేశములకును స్థానము కలదు. దీవి నడిమి భూమిలో అధికభాగమున పగడపు మొనలు నేటికిని అట్లే నిలిచియున్నవి.