గింజను మోసిన తండా, అన్నం పారబోస్తున్న తండా

హత్నూర మండలంలోని మా తండా నుంచి పొద్దున్నే ఆడా మగా కంపెనీ పనులకు బయలుదేరుతారు. అందుకే నాలుగు గంటలకే లేచి రెండు పూటల అన్నం ఒకేసారి వండేస్తారు. ఎండకాలంలో సాయంత్రానికి అది పాసిపోతుంది. బర్రె ఉన్న ఇంట్లో కుడితిలో కలుస్తుంది, లేని ఇంట్లో మోరీ పాలవుతుంది. ఇది చూసినప్పుడల్లా నాకు మన చరిత్ర గుర్తుకొస్తుంది. గింజను మోసి బతికిన జాతి మనది.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఆగ్రా నుంచి పాట్నాకు పోతూ దారిలో ఒక బంజారా తండాను చూశాడు. అందులో 14,000 ఎద్దులున్నాయని, వాటి మీద గోధుమలు, బియ్యం వంటి ధాన్యం ఉందని, ఆలుబిడ్డలు కూడా వెంట నడుస్తున్నారని రాసుకున్నాడు. మొగలు సైన్యాలకు ధాన్యం చేర్చింది మనవాళ్ళే. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కార్న్‌వాలిస్ సైన్యానికీ మన ఎద్దులే తిండి మోశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఎద్దు మోసే బరువును రైలు ఎత్తుకుంది. ఆ బతుకుదెరువు పోయి, మనవాళ్ళు గుట్టల పక్కన, అడవి అంచున నిలిచి జొన్న, మక్క, కంది పండించుకున్నారు.

పండించిన గింజను కాపాడుకునే తెలివి తెలంగాణ పల్లెల్లో అందరికీ ఉండేది. భూమిలో పాతర తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, గాలి చొరకుండా మూసేవారు. లోపలి గాలిలో ప్రాణవాయువు తగ్గిపోయి పురుగు చచ్చేది. పాతర తెరిచిన వెంటనే అందులోకి దిగొద్దని పెద్దలు చెప్పింది కూడా అందుకే. ఇంట్లో గుమ్మికి మట్టి, పేడ మెత్తేవారు. విత్తనాల్లో బూడిద, వేపాకు కలిపేవారు.

వండిన తిండికీ ఒక లెక్క ఉండేది. నా చిన్నతనంలో మా యాడి రాత్రి మిగిలిన గట్కను పొద్దున సల్లలో కలిపి ఇచ్చేది. ఎండిన జొన్న బాటిని నలిపి బెల్లం కలిపితే మాకు పండుగే. మేకను కోస్తే రక్తం కూడా పోనియ్యకుండా సళోయి వండేవారు. దీన్ని పిసినారితనం అనుకోవద్దు. ఆకలి చూసిన ఇల్లు నేర్చుకున్న విద్య అది.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎన్నో తండాల్లో పొయ్యి ఆరకుండా చూసింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ కుండలో గింజ మారింది, దానితోపాటు అలవాటూ మారాలి. జొన్న రొట్టె మరునాటికి ఎండుతుంది గానీ తినొచ్చు. అన్నం అట్లా కాదు, ఉక్కపోతలో కొన్ని గంటలకే పాడవుతుంది. మనం అన్నం తినడం నేర్చుకున్నాం గానీ, అన్నాన్ని కాపాడే పద్ధతిని మన పిల్లలకు నేర్పలేదు.

ఐక్యరాజ్యసమితి 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళలోనే. మన దేశంలో ఇళ్ళలో పోయేది మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలని అంచనా. అంటే ఒక్కొక్కరం ఒక బస్తాకు పైనే పారేస్తున్నాం.

ఉపాధ్యాయ మిత్రులారా, దీన్ని బడిలో పాఠంగా చెప్పవచ్చు. వారం రోజులు ఇంట్లో పారేసిన తిండిని పిల్లలతో గ్లాసుల లెక్కన రాయించండి. ఏ పూటది ఎక్కువ పోతోందో వాళ్ళకే తెలుస్తుంది. రాత్రి అన్నం మిగిలితే చల్లారగానే నీళ్ళు పోసి, పొద్దున్నే సద్దన్నం తినే పద్ధతి చెప్పండి. పులిసిన వాసన వేరు, చెడిన వాసన వేరు. ఆ తేడా ముసలమ్మలకు తెలుసు, వాళ్ళను బడికి పిలవండి. చెడిపోయిందని అనుమానం వస్తే తినకుండా ఎరువు గుంతలో వేయాలని కూడా చెప్పండి.

మన పక్కనే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు జొన్న, సజ్జ, కంది మీద పరిశోధన చేస్తున్నారు. మన తండాలో ఆ జొన్నను నిలవచేసిన చేతులు ఇంకా కొన్ని మిగిలున్నాయి. యువకులారా, ఈ సెలవుల్లో మీ యాడి దగ్గర కూర్చోండి. గుమ్మి ఎట్లా మెత్తేవారో, గట్క ఎన్ని పూటలు తినేవారో అడిగి రాసుకోండి. మన ఎద్దుల లెక్క పరాయి వర్తకుడు రాశాడు. మన వంటింటి లెక్క మనమే రాసుకోవాలి.