కుంచపు లెక్కయు దేహసాక్ష్యమును

నేడు సూర్యాపేట జిల్లాలోనున్న తుంగతుర్తి ప్రాంతమున, నిజాము పాలన తుదిదినముల వరకును వెట్టి ప్రబలియుండెను. దొరల గడీలో వడ్లు దంచు స్త్రీ చాకిరికి కొలత కుంచమే గాని, ఆమె రొప్పుగాని భుజముల నొప్పిగాని యే లెక్కకును ఎక్కెడివి కావు. ఆమెయే తన యింటి రోటికడ తోడివారితో పాడుచు దంచునపుడు మాత్రము కొలత మారును: పాటకు ఊపిరి అందినంతవరకే రోకలి యామె చేతనుండును, చరణము నడుమ గొంతు తడబడినచో ప్రక్కనున్న యామె దాని నందుకొనును.

కుస్తీ, కసరత్తు నేర్పు తాలింఖానాలలోని పద్ధతియు నిట్టిదే. దండీలు, బస్కీలు ముగించి రాతిగుండు నెత్తబోవు కుఱ్ఱవానికి ఆ రాతిబరువును కొద్దికొద్దిగా పెంచుకొను వీలులేదు. రాయి నిన్నటిదే, మారునది దేహమే. కావున ఉస్తాదు రాతిని గాక శిష్యుని చూచును. మొదట చివాలున లేచిన గుండు మోకాళ్ళకడ జాగు చేసెనా, మెడనరములు ఉబ్బి ఊపిరి బిగిసెనా, ఆ పూటకు చాలుననును.

ఈ దేహసాక్ష్యమునకు అంకెలు తొడిగినవాడు స్వీడను దేశపు మనస్తత్త్వవేత్త గున్నార్ బోర్గ్. 1960ల నాటి ఆయన మానము 6తో మొదలై 20తో ముగియుటకు కారణము గలదు: ఆరోగ్యవంతుడైన యువకుని విషయమున, చెప్పిన అంకెను పదింతలు చేసినచో నిమిషమునకు గుండె కొట్టుకొను లెక్క ఇంచుమించుగా వచ్చును. బరువులెత్తువారు తరువాత దానిని 10కి కుదించి, ఇంకను ఎన్నిమార్లు ఎత్తగలమన్న ప్రశ్నతో ముడిపెట్టిరి. రెండుమార్లు ఎత్తు సత్తువ మిగిలినచో ఎనిమిది, ఏమియు మిగలనిచో పది. అయితే కొత్తవాడు తన యలసటను తానే సరిగా చదువలేడు. చాల మిగిలియుండగనే అయిపోయినదనును. ఉస్తాదు కన్నునకు బదులుగా కాగితముపై అంకె చాలునను నేటి వ్యాయామశాలల ధీమా నాకు నచ్చదు.

ఆరితేరిన వారికిని ఈ గణన సులభము కాదు. ఆముదాలవలస వనిత కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సున స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలెత్తి, తుది యత్నమునకు 137.5 కోరి విఫలురాలై, 240 కిలోలతో కాంస్యము పొందెను, స్వర్ణము 242.5కు దక్కినది. ఒక మెట్టు తగ్గించి కోరవలసినదని వాదించువారు నేటికిని కలరు. 130 కిలోలు దించిన పిమ్మట ఆమె భుజములలో మిగిలిన సత్తువ యెంతయో వారికెట్లు తెలియును?