ఎనిమిది గంటల బండి

షికాగోలో నేను రైలు దిగే ఓగిల్వీ స్టేషనుకీ, క్లయింటు ఆఫీసుకీ మధ్య డెస్‌ప్లేన్స్ అనే వీధి తగులుతుంది. అక్కడ రాండాల్ఫ్ మూల దగ్గర పేవ్‌మెంటు మీద ఇటుకరంగు బొమ్మ ఒకటుంది. చక్రాల బండి, దానిమీద నిలబడి మాట్లాడుతున్న మనిషి, చుట్టూ మరికొందరు. రెండేళ్ళు దాని పక్కనుంచే నడిచాను గానీ ఒక్కసారీ ఆగి చూసింది లేదు. ఆగేంత తీరికే ఉంటే ఈ ఏడుపెందుకు!

మొన్నామధ్య ఓ శుక్రవారం రిలీజు ముగించుకుని బయటపడేసరికి రాత్రి పదకొండు దాటింది. ఆఖరి బండికి ఇంకా టైముంది. చేసేదేం లేక ఆ బొమ్మ కింద రాసింది చదివాను. అప్పుడు తెలిసింది, హేమార్కెట్ అంటే ఇదేనని. మేడే గురించి కాలేజీ రోజుల్లో గోడల మీద చదివాను, ఎర్రజెండాల ఊరేగింపులు చూశాను. ఆ కథ మొదలైన చోటు పక్కనుంచి రోజూ లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని పోతున్నానని మాత్రం తెలీదు.

కథ మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1886 మే 1 నుంచి ఎనిమిది గంటలే పనిదినం అని అమెరికా కార్మిక సంఘాల సమాఖ్య 1884లోనే తీర్మానించుకుంది. ఆ రోజు రానే వచ్చింది, దేశమంతటా 3 లక్షలకి పైగా పని ఆపేశారని లెక్క. మే 3న షికాగోలో మెకార్మిక్ కోత యంత్రాల ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే కార్మికులు చనిపోయారు. దానికి నిరసనగా మర్నాడు రాత్రి హేమార్కెట్ దగ్గర సభ. వేదికేమీ లేదు, ఓ సరుకుల బండెక్కి మాట్లాడారు. నగర మేయరు కార్టర్ హారిసన్ స్వయంగా వచ్చి కాసేపు విని, గొడవేమీ లేదని ఇంటికెళ్ళిపోయాడు. వానొచ్చేలా ఉందని జనం కూడా చాలామంది వెళ్ళిపోయారు. సభ ముగుస్తుండగా పోలీసులు వచ్చి చెదిరిపొమ్మన్నారు. ఎవరో బాంబు విసిరారు. ఆ ఎవరో ఎవరన్నది ఈ రోజుకీ తేలలేదు. ఏడుగురు పోలీసులు, కనీసం నలుగురు మామూలు జనం పోయారు. విసిరినవాడు దొరక్కపోయినా ఎనిమిది మంది మీద కేసు నడిచింది. 1887 నవంబరు 11న నలుగురిని ఉరితీశారు. అంతకు ముందురోజే ఒకడు జైల్లో ప్రాణం తీసుకున్నాడు. మిగిలిన ముగ్గురినీ 1893లో గవర్నరు ఆల్ట్‌గెల్డ్ విడిచిపెట్టాడు, విచారణ న్యాయంగా జరగలేదని కాగితమ్మీద రాసి మరీ.

ఇంటికెళ్ళాక నిద్రపట్టక ఇంకాస్త వెనక్కి తవ్వాను. అక్కడ దొరికింది నాకు కావలసిన ముక్క. అసలు ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎనిమిది గంటల చట్టం 1867లోనే వచ్చింది. అవునండీ, హేమార్కెట్‌కి 19 ఏళ్ళ ముందు! మే 1 నుంచే అమలు, షికాగోలో పెద్ద ఊరేగింపు కూడా తీశారు. మరి మళ్ళీ గొడవెందుకు? ఎందుకంటే వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడే ఎనిమిది గంటలు అని ఆ చట్టంలో చిన్న వాక్యం ఉంది. యజమానులకి ఆ వాక్యం చాలు. పది గంటలకి ఒప్పుకుని సంతకం పెట్టు, లేకపోతే పనిలేదు, పో అన్నారు. చట్టం పుస్తకంలో ఉండిపోయింది, మనుషులు పదీ పన్నెండు గంటలకి వెళ్ళిపోయారు.

ఆ వాక్యం చదివి లేచి కూర్చున్నాను. ఎందుకంటే నా ఆఫర్ లెటర్‌లోనూ అలాంటిదొకటుంది. 'ఎగ్జెంప్ట్' అన్న ఒక్క మాట. చేరేటప్పుడు అదేదో గౌరవమనుకున్నాను, పెద్ద ఉద్యోగస్తుడినన్నమాట అని!

దాని సంగతీ చూశాను. 1938లో అమెరికాలో ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వచ్చింది. మొదట వారానికి 44 గంటలు, 1940 నాటికి 40. అంతకు మించితే ఒకటిన్నర రెట్లు జీతం. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకీ, వృత్తి నిపుణులకీ మినహాయింపు మొదట్నుంచీ ఉంది. కంప్యూటర్ల వాళ్ళని 1990లో ప్రత్యేకంగా ఆ జాబితాలో కలిపారు. గంటల లెక్కన డబ్బు తీసుకునే ప్రోగ్రామరుకి కనీస వేతనానికి ఆరున్నర రెట్లు ముడితే చాలు, ఓవర్‌టైము రేటు ఇవ్వక్కర్లేదు. అప్పటి కనీస వేతనం లెక్కన అది 27.63 డాలర్లు. 1996లో ఆ అంకెనే చట్టంలో రాసి బిగించేశారు. కనీస వేతనం తర్వాత 7.25కి పెరిగింది, మన అంకె మాత్రం కదల్లేదు. అదే ఆరున్నర రెట్ల లెక్క ఇప్పుడు వేస్తే 47 దాటుతుంది. నెలజీతగాళ్ళకి హద్దు వేరే, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. కానీ సారం ఒకటే.

నేను నలభై ఎనిమిది గంటలు చేసినా, అరవై చేసినా టైమ్‌షీటులో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకి ఎనిమిది చొప్పునే వేస్తాను. అంతకన్నా వేస్తే మేనేజరు నుంచి మెయిలొస్తుంది. ఓ రోజు మా ఆవిడ నా భుజం మీదుగా చూసి, "దీని ప్రకారం మీరు రోజూ ఆరింటికల్లా ఇంటికొచ్చేస్తున్నారే!" అంది. నవ్వుతూనే అంది లెండి. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు.

మా నాన్న ఏలూరులో జూట్ మిల్లు కార్మికుడు. పొద్దున ఆరు గంటల షిఫ్టయితే రెండింటికి కూత కూసేది. రెండున్నరకల్లా సైకిలు గుమ్మంలో ఉండేది. ఒళ్ళంతా జనపనార పీచు. స్నానం చేసి అన్నం తిని, సాయంత్రం మా ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. ఆ పని నాజూకైనదని నేననను, ఆ దగ్గు ఇప్పటికీ ఆయన్ని వదల్లేదు. కానీ కూత కూశాక ఆయన టైము ఆయనది. దానికీ ఓ చరిత్ర ఉంది. అంబేద్కర్ పద్నాలుగు గంటల్ని ఎనిమిది చేశారని వాట్సాపులో తిరుగుతూంటుంది గానీ, 1934 చట్టం నాటికే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల హద్దుంది. ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు సిద్ధమైన సవరణతో 1946లో అది 48కి దిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్నే నిలబెట్టింది. వారానికి ఆరు గంటలంటే చిన్న సంగతేం కాదు. మా ఎక్కాలు ఆ ఆరు గంటల్లోవే అయ్యుంటాయి.

ఏడో తరగతి చదివిన మనిషికి ఉన్నది, ఆయన అప్పుచేసి చదివించిన నాకు లేదు. నేనొక్కడినే కాదు. రాత్రి తొమ్మిదిన్నరకి నేను కూర్చునే కాల్‌లో అవతల హైదరాబాదు పిల్లలు పొద్దున్నే ఎనిమిదింటికి కూర్చుంటారు, టిఫినైనా తిన్నారో లేదో. అక్కడా అంతే, షాపులు, సంస్థల చట్టంలోని పని గంటల సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకి ప్రభుత్వాలు జీవోల మీద జీవోలిచ్చి మినహాయింపులు పొడిగిస్తూ వచ్చాయి. పైగా మా కాల్‌కి కూత లేదు. "లైఫ్ బ్యాలెన్స్" మీద మా కంపెనీ ఒక వెబినార్ పెట్టింది, అది కూడా లంచ్ టైములో.

పోయిన ఆదివారం రాత్రి నాన్నకి ఫోన్‌చేసి ఈ బండి కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఉరితీసిన వాళ్ళ పేర్లడిగాడు. స్పైస్, పార్సన్స్, ఫిషర్, ఏంగెల్ అని చెబితే ఒక్కొక్కటీ తిరిగి పలికాడు.

"అయితే మీ ఊళ్ళోదేనన్నమాట. మరి నువ్వు ఎన్నింటికి దిగుతావురా డ్యూటీ?"

ఎగ్జెంప్ట్ అంటే ఏమిటో, ఆ 27.63 ఏమిటో చెప్పబోయాను. రూపాయల్లో ఎంతవుతుందన్నాడు. లెక్క కడుతుండగా తొమ్మిదిన్నర కాల్ మోగింది. మళ్ళీ చేస్తాను నాన్నా అని పెట్టేశాను.