లింప్ మోడ్
కుంటుతూ నడవడాన్ని ఇంగ్లీషులో లింప్ అంటారు. దెబ్బతిన్న ఓడ ఎలాగోలా రేవు చేరడానికీ వాడే ఈ మాట, కంప్యూటర్ అదుపులోకి వచ్చాక ఇంజిన్లకూ అంటుకుంది. డీజిల్ ఫోర్‌బైఫోర్‌లో ఏ సెన్సర్ లెక్కో తేడా కొడితే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, టర్బోనీ ఇంధనాన్నీ బిగబట్టేస్తుంది. బండి ఈసురోమంటూ కదులుతుంది.

అసలు తలనొప్పి వచ్చిపోయే లింప్‌తోనే. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే చాలాసార్లు మాయం. మెకానిక్ ముందు బండి బుద్ధిగా ఉంటుంది! అందుకే ఈసీయూలో నమోదైన లోపం కోడ్‌ను చెరిపేయకముందే చదవాలి. పీ0299 అంటే టర్బో ఒత్తిడి చాల్లేదని. వెంటనే టర్బో మార్చేయడం మాత్రం డబ్బు దండగ. చిట్లిన వాక్యూమ్ గొట్టమో, మసి పట్టి బిగుసుకున్న టర్బో వేన్లో కారణం కావచ్చు. పీ0087 వస్తే కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి పడిపోయినట్టు, ముందు ఫిల్టర్ చూడాలి. బరువుతో ఎత్తు ఎక్కిస్తూ లైవ్ డేటా రికార్డు చేస్తే దొంగ దొరికే అవకాశం ఎక్కువ.