కోడ్ మన చేతిలో ఉంటేనే స్వాధికారం

2025 జులైలో యూరోపియన్ యూనియన్ తనపై ఆంక్షలు ప్రకటించగానే, గుజరాత్‌లోని వాడినార్‌లో చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. కంపెనీ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాక కొద్ది రోజులకు తిరిగొచ్చాయి. డబ్బు కట్టి వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్‌పైనా మనకు పూర్తి హక్కు లేదని ఆ ఉదంతం తేల్చింది.

ఈ పరాధీనతకు విరుగుడు నాలుగు దశాబ్దాల కిందటే మొదలైంది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌ను విడుదల చేశారు. రెండూ కలిసి, ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారైంది.

మన దేశంలో ఇలాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ముందుగా పునాది పడింది కేరళలో. 2001లో తిరువనంతపురంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఐటీ ఎట్ స్కూల్ పథకం కింద ప్రభుత్వ బడులు క్రమంగా విండోస్ వదిలి లినక్స్‌కు మారాయి. లైసెన్సు ఖర్చు తగ్గడం ఒక లాభం; వేలాది మంది ఉపాధ్యాయులు ఆ వ్యవస్థను స్వయంగా నడపడం నేర్చుకోవడం అంతకన్నా పెద్ద లాభం. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు లినక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చారు. 2007లో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ ‘బాస్’ లినక్స్‌ను విడుదల చేసింది.

2015లో కేంద్రం ఈ-పాలనలో ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యమని విధానం ప్రకటించింది. 2018లో బెంగళూరు ట్రిపుల్ ఐటీలో మొదలైన మోసిప్ అనే ఓపెన్ సోర్స్ గుర్తింపు వేదికను ఫిలిప్పీన్స్, మొరాకో స్వీకరించాయి. 2023లో రక్షణ శాఖ ఉబుంటు లినక్స్ ఆధారిత మాయా ఓఎస్‌ను చేపట్టింది.

అయితే కోడ్ బహిరంగంగా ఉన్నంత మాత్రాన భద్రత రాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉపకరణంలో ఎవరో చొప్పించిన దొడ్డిదారి బయటపడింది. ప్రపంచమంతా వాడే ఆ ఉపకరణాన్ని ఏళ్లుగా దాదాపు ఒక్క స్వచ్ఛంద కార్యకర్తే మోస్తూ వచ్చారు. కోడ్ తెరిచి ఉండబట్టే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆ మోసాన్ని పట్టుకోగలిగారు. జర్మనీ 2022లోనే ఇలాంటి కీలక ప్రాజెక్టుల నిర్వహణకు ప్రభుత్వ నిధి పెట్టింది.

మనం చేయాల్సిందీ అదే. ఉచితంగా దొరికేదాన్ని వాడుకోవడంతో ఆగకూడదు. దాన్ని కాపాడేవారికి జీతమివ్వాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీలు చివరి ఏడాది ప్రాజెక్టుగా నిజమైన ఓపెన్ సోర్స్ లోపాలను సరిచేయడాన్ని గుర్తించాలి. చదివి సరిచేయగల మనుషులు ఉన్న దేశానికే ఆ కోడ్ అండగా నిలుస్తుంది.