ఐదంకెల తంతి నుంచి పేలోడ్ దాకా

ఢిల్లీలో యమునకు తూర్పున ఉన్న మయూర్ విహార్‌లో భారత వాతావరణ శాఖవారి స్వయంచాలిత కేంద్రం ఒకటి ఉంది. వాన, ఎండ వివరాలను మనిషి ప్రమేయం లేకుండా అదే కొలిచి పంపుతుంది. ఇలాంటి పరికరం పంపే సందేశంలో చిరునామా వంటివి పోగా మిగిలే అసలు సమాచారాన్ని కంప్యూటర్ నిపుణులు 'పేలోడ్' అంటారు. దాన్ని ఎలా పేర్చాలన్న సమస్య ఇంటర్నెట్ కన్నా చాలా పాతది.

1875లో వాతావరణ శాఖ ఏర్పడిన నాటికి దూరప్రాంతాల వివరాలు త్వరగా చేరడానికి తంతి ఒక్కటే సాధనం. తంతిలో మాటల లెక్కన ఖర్చు. అంకెలైతే ఐదింటిని ఒక మాటగా లెక్కించేవారు. ఐదంకెల గుంపులతో వాతావరణ సంకేతాలు రాయడం ఈ పొదుపుకు చక్కగా కుదిరింది. ఉదాహరణకు, 1982లో ఇప్పటి రూపం దిద్దుకున్న 'సినాప్' సంకేతంలో 10352 అంటే 35.2 డిగ్రీల సెల్సియస్. మొదటి 1 ఉష్ణోగ్రతకు గుర్తు. తరువాతి 0, విలువ సున్నాకు తక్కువ కాదని చెబుతుంది. 352 డిగ్రీలో పదోవంతుల లెక్క. సంకేతాల పుస్తకం తెలియనివారికి ఇది ఉత్త అంకె మాత్రమే.

1983లో ఎగిరిన ఇన్‌శాట్-1బి, మారుమూల పరికరాల సందేశాలను అందుకుని భూకేంద్రానికి చేరవేసే ఏర్పాటు కలిగి ఉంది. అక్కడా క్లుప్తతే ముఖ్యం. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ చమురు గొట్టాలపై ఉపగ్రహం ద్వారా నిఘా ఉంచేందుకు 'ఎంక్యూటీటీ' పద్ధతిని రూపొందించారు. అందులో సందేశపు తప్పనిసరి శీర్షిక రెండు బైట్లకు కుదించవచ్చు. పేలోడ్‌లో ఏముండాలో మాత్రం పంపేవారి ఇష్టం.

ఈనాటి క్లౌడ్ లైబ్రరీలలో ప్రోగ్రామర్ చేసేది ఆ ఎంపికే. ఏ సంఘటనకు ఏ విలువలు పంపాలి? ఉత్త పాఠంగానా, 'ఉష్ణోగ్రత: 35.2' అన్నట్టు పేరుతో సహా 'జేసన్' రూపంలోనా? పేర్లు చేరిస్తే సందేశం పెరుగుతుంది. కాని పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

అర్థమైనంత మాత్రాన అది నిజమని కాదు. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ స్వయంచాలిత కేంద్రం 52.9 డిగ్రీలు చూపింది. దేశమంతా ఉలిక్కిపడింది. తరువాత వాతావరణ శాఖ పరీక్షించగా, అక్కడి సెన్సర్ సుమారు 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేలింది. సందేశాన్ని ఎంత పొందికగా పేర్చినా ఇలాంటి లోపాన్ని అది సరిదిద్దలేదు. కాని విలువతోపాటు కొలిచిన వేళ, ప్రమాణం, సెన్సర్‌ను చివరిసారి సరిచూసిన తేదీ కూడా పేలోడ్‌లో ఉంటే, అందుకున్నవారు ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో ముందే ఆలోచించగలరు. తంతినాడు మాటకు వెల కట్టి ఇలాంటివి వదిలేయక తప్పలేదు. నేడు ఆ ఇబ్బంది చాలావరకు తీరింది.